ఏడు మైక్రాన్లు

సూట్‌కేసులో పన్నెండు ఉంగరాలు.
అల్యూమినియంవి, ఒక్కొక్కటీ ముప్పై మిల్లీమీటర్లు.
పాత నేతచీర ముక్కలో చుట్టి
పైన గోంగూర డబ్బా సర్దబోయింది మా ఆవిడ.
"వద్దే, వాసన. వాళ్లు రేసు కార్లవాళ్లు."
గన్నవరంలో తనిఖీ కుర్రాడు
ఒకదాన్ని వెలుగుకెత్తి
"పసిపిల్లల మురుగులా సార్?" అన్నాడు.
అవునూ కాదూ కాకుండా నవ్వాను.

ఆటోనగర్ నాలుగో క్రాసులో మా షెడ్డు.
ఎడంపక్క లారీల మీద నెమళ్లు వేసే పెయింటరు,
కుడిపక్క కమాన్‌కట్టలు వంచే కొలిమి,
మధ్యలో మీరాసాహెబ్, ఆయన లేతు.
ముప్పై ఏళ్లు లారీ బుష్షులు తిప్పిన చెయ్యి
ఆరు నెలలుగా ఈ పన్నెండింటి మీదే ఉంది.
కొలత కుదిరిందో లేదో మైక్రోమీటరు కన్నా ముందు
ఆయన బొటనవేలి గోరుకి తెలుస్తుంది
అని నేను ఈమెయిల్లో రాయలేదు.

వాళ్ల ఊరి పేరు చెప్పకూడదు, సంతకం పెట్టాను.
వాన అని మాత్రం చెప్పొచ్చనుకుంటా.
గొర్రెలు మేసే పొలాల మధ్య అద్దాల మేడ.
లోపల నేల చూసి చెప్పులు విప్పబోయాను,
వేసుకున్నవి బూట్లని గుర్తొచ్చి ఆగాను.
ఇనపరజను లేదు. ఆయిలు మరక లేదు.
కారు రెక్క ఒకదాన్ని ఇద్దరు
ఉత్సవ విగ్రహంలా మోసుకెళ్తున్నారు.
గోడ పొడుగునా గెలిచిన కప్పులు.
వాటినెవరూ చూడటం లేదు.

కొలిచే గదికి రెండు తలుపులు,
ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోదు.
లోపల ఇరవై డిగ్రీలు.
పగలైనా రాత్రైనా, బయట మంచు కురిసినా ఇరవై.
నా ఉంగరాల్ని ఓ రాత్రంతా అందులో పడుకోబెట్టారు.
హోటల్లో నాకు నిద్ర లేదు.

పొద్దున్నే ఓ ఎర్రజుట్టు అమ్మాయి
సన్నటి పుల్ల చివర కెంపుతో
ఒక్కోదాన్నీ తాకీ తాకనట్టు తాకించింది.
పన్నెండూ తక్కువే.
పన్నెండూ ఒకేలా తక్కువ.
ఏడు మైక్రాన్లు.

తలవెంట్రుక మందంలో పదోవంతు.
ఆ పదోవంతులో నిలువునా మునిగాను:
బ్యాంకు వాయిదా, టిక్కెట్టు, కొత్త కోటు,
బెంజ్ సర్కిల్లో అసోసియేషన్ వాళ్లు
ముందే కట్టేసిన ఫ్లెక్సీ.

ఆమె విసుక్కోలేదు.
"మీ దగ్గర ఎండెంత?" అంది.
రేకుల షెడ్డులో, పొద్దున పదింటికి, నలభై.
కాగితం మీద ఏదో గుణించి నావైపు తిప్పింది.
లెక్క ఏడు దగ్గర ఆగింది.

చెయ్యి తప్పలేదు.
ఉంగరం కొంచెం బెజవాడ ఎండని లోపల దాచుకొచ్చింది,
ఇక్కడి చలికి దాన్ని వదిలేసి ముడుచుకుంది,
కోటులో నాలాగే.
"పన్నెండూ ఒకేలా తప్పటం
మా మిషన్లకీ చాతకాదు. ఎవరు చేశారు?"
పేరు చెప్పాను. తప్పుగా రాసుకుంది.
మళ్లీ పంపండి, అంది. అంతే.

తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీలో నా మొహం సగం వెలిసింది.
ఆర్డరొచ్చిందా అని అందరూ అడిగారు.
మీరాసాహెబ్ అడగలేదు.
"వాళ్లు దేంతో తుడుస్తారు? మన వేస్టు కాటనేనా?"
ఏ కారుకి, ఎక్కడ బిగిస్తారని అడుగుతాడేమోనని
భయంభయంగా ఎండ లెక్క చెప్పాను.
చాలాసేపు పైరేకుల వంక చూశాడు,
ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే ఉంటూ
డబ్బు కాజేసిన చుట్టాన్ని చూసినట్టు.

ఇప్పుడు తెల్లారుజామున మూడింటికి తెరుస్తున్నాం.
పెయింటరు నెమళ్లింకా నిద్రలో ఉంటాయి.
గోడకి కొత్తగా ఓ థర్మామీటరు.
ఇరవై తొమ్మిది అంటుందది,
ఇంకా తొమ్మిది డిగ్రీలు బాకీ.
ఆ తొమ్మిదికి ఎంత కలపాలో
లేతు కాలి మీద సుద్దముక్కతో రాసుకున్నాడు మీరాసాహెబ్.
రాసి, ఉంగరం మీద ఒకసారి గోరు నడిపి,
చివరి అంకె చెరిపేశాడు.