మూడు దినాల దీవి

సెలవు చీటీలో కారణం అనే గీత మీద
"నడిచేదానికి" అని రాసినా.
క్లర్కు హుసేనప్ప కళ్లజోడు పైకి తోసుకుని
"దినామూ ఊర్లూర్లు తిరుగుతానే ఉంటివి గదమ్మా" అన్నాడు.
తిరిగేది బస్సు, హుసేనప్పా.
కర్నూలు డిపోలో ఇరవై ఆరేండ్లుగా
నేను నిలబడే ఉండాను.

ఆత్మకూరు రోడ్డు వదిలి, మట్టిదోవ పట్టి,
ఆ దోవ కూడా నీళ్లలోకి దిగిపోయే చోట
సుంకన్న పుట్టి ఉంది.
నన్నూ, క్యాంటీన్ మద్దమ్మనూ,
ఒక సంచి కొర్రబియ్యాన్నీ ఎక్కించుకుని
అది గుండ్రంగా తిరిగీ తిరిగీ
ఈతగుట్ట ఒడ్డున పడేసింది.
తిరగేసిన చాటంత దీవి.
పోనూ రానూ చార్జీ ముందే ఇచ్చేసినా.

మద్దమ్మ సముద్రం చూసినదే లేదు.
నేను పోయినా ఒకసారి, యూనియన్ మీటింగుకు,
చీకటి పడినాక.
చప్పుడు మాత్రం విని వచ్చినా.

మొదటి సాయంత్రం ఒడ్డు వెంబడి చుట్టూ నడిచినాము.
ఎక్కేది లేదు, దిగేది లేదు,
మోకాలు ఒక్క మాట అనలేదు.
ఎడమకు గుట్ట, కుడికి నీళ్లు,
తప్పిపోదామన్నా ఇంకో దోవ లేదు.
ముప్పావు గంటకు
మేము విడిచిపోయిన చెప్పులే మాకు ఎదురొచ్చినాయి.

అలవాటు యాడికి పోతుంది,
మలుపు మలుపుకూ స్టేజీ పేరు పెట్టినా.
పగిలిన పుట్టి. ఒంటి తుమ్మ.
కొంగరాయి, దాని మీద కొంగ లేకపోయినా సరే.
వల ఆరేసిన చోటికి వస్తే మద్దమ్మ
"ఆపు తల్లీ, ఈడ దిగల్ల" అని
చతికిలబడి ఆకూవక్కా నోట్లో వేసుకునేది.
రైట్ అనేదానికి తొందరేం లేదు.

కాళ్లకే నమ్మకం కుదరలేదు.
కదలని నేల మీద
అవి ఎడంగా పడి, వేళ్లు బిగబట్టి,
ఏ గుంతకో ఏ బ్రేకుకో కాచుకుని నడుస్తాండె.
ఉండుండి చేయి పైకి లేస్తాండె, కడ్డీ కోసం.
పైన ఆకాశముంది,
పట్టుకునేదానికి ఏమీ లేదు,
పడిందీ లేదు.

రెండో పొద్దు లేచి చూస్తే
నిన్నటి మా అడుగులు గట్టెక్కి ఉండాయి.
నీళ్లు పది బారలు వెనక్కి జరిగినాయి.
"గేట్లెత్తినారు" అన్నాడు సుంకన్న,
పక్కింట్లో గంజి వార్చినారు అన్నట్టు.
కొత్త ఒడ్డు రాగిసంగటిలాగ మెత్తన.
నత్తగుల్లలు, ఒక సోడా మూత,
తెగిన పలుపుతాడు ముక్క,
ఆ కింద, నీళ్లలో నుంచి వరసగా లేస్తా
నాగటి చాళ్లు.

మద్దమ్మ వాటిని అడ్డంగా తొక్కలేదు.
చాలు వెంబడే పోయింది, కొంగు ఎగజెక్కి.
"ఎవరిదో చేను" అనింది.
"నాదే" అన్నాడు సుంకన్న.
"నీళ్లుంటే పుట్టి, నీళ్లు పోతే మడక.
అప్పు మటుకు రెండిట్లోనూ ఒకటే."
నవ్వినాడు. పళ్ల సందులో శనగపొట్టు.

మూడో దినం మధ్యాహ్నానికి
ఈతగుట్ట దీవి కాకుండా పోయింది.
సన్నగా, నల్లగా, మట్టిమెడ ఒకటి తేలి
అవతలి గట్టును పట్టుకునింది.
మాకంటే ముందు ఒక బర్రె దాటింది
టికెట్టు లేకుండా.
వెనక మేము, చెప్పులు చేతబట్టుకుని,
మడమ దిగబడిన ప్రతి చోటా
బురద ముద్దు పెట్టినట్టు చప్పుడు.
పుట్టిలో వచ్చినోళ్లం నడిచి పోతాండాము.
సగం దోవలో గమనించినా,
చేయి పైకి లేయడం లేదు.

గట్టు మీద సుంకన్న జేబులు తడుముకున్నాడు.
తిరుగు చార్జీ నలభై రూపాయలు వాపసు ఇయ్యల్ల.
అంతా ఐదు వందల నోటే, చిల్లర లేదు.
చిల్లర లేదని ఎంతమందికి
టికెట్టు వెనక రాసిచ్చి
దిగేటప్పుడు మరిచిపోయినట్టు
ముందుకు పోయినానో నాకు తెలుసు.
సుంకన్న రాయలేదు. చదువు లేదు.
"మళ్లీ నీళ్లొచ్చినప్పుడు వచ్చి తీసుకో" అన్నాడు.

బస్సులో సీటు దొరికింది.
గోర్లలో మట్టి ఆరిపోతాంది.
నలభై రూపాయలు,
నది నాకు బాకీ.