మూడో రాయి

మానాపురం దాటాక, వెలుగు ఇంకా కాస్త మిగిలుండగా
వెనక ఎడం చక్రం గొంతు మారింది.
ముందు గుసగుస. తరవాత తడి గోనెసంచి నేలకేసి బాదినట్టు
టప్ టప్ టప్.
పచ్చగడ్డి వాసన పట్టిన ఆవులా
బండి పొలాల వైపు లాగుతోంది.

"బ్రేకు మీద కాలెయ్యొద్దు గుంటా,
బండి అలిసి అదే ఆగుతాది,
నువ్వు దారి సూపెట్టు సాలు"
రామభద్రపురం జంక్షన్లో పంచర్లేసే గవరయ్య మాట
నా పాదం కంటే ముందు లేచింది.

వంపు దాటేదాకా, కల్వర్టు దాటేదాకా
రిమ్ము గీరుకుంటే గీరుకోనీ అని పాకించాను.
టైరు ధర నాకు తెలుసు.
నా ధర ఇంకా ఎవరూ కట్టలేదు.

వెనక ట్రాలీలో నూట ఎనభై కుర్చీలు,
రెండు డేగిసాలు, ఉల్లిపాయలు తరిగే చెక్కపీట,
ఎవరి పెళ్ళివాళ్ళో మర్చిపోయిన గరిటె.
బొబ్బిలిలో నాదో టెంటు హౌసు.
ఓనరూ డ్రైవరూ హమాలీ నేనే,
బండి మీద రాసున్న పేరు మాత్రం మా మావది.

ఎర్ర కుర్చీ ఒకటి దించి
అరవై అడుగులు వెనక్కి నడిచాను.
నీలగిరి కొమ్మ విరిచి దాని చేతులకి అడ్డంగా కట్టాను.
సూరపునాయుడుగాడికి పదిహేడేళ్ళు, ఎక్కడ చూసినా వాడికి నిద్రే.
"నేను దాన్లో కూకుంటానక్కా" అన్నాడు.
"అది ఖాళీగా ఉంటేనే పని చేస్తుందిరా,
నువ్వెళ్ళి ఆ గోర్జి అవతల నిలబడు."

ఊళ్ళోంచి రోడ్డు పనికి తెచ్చి పోసిన రాళ్ళు మూడు
మిగతా మూడు చక్రాలకీ ఎగదోసాను.
చక్రం నేల మీదుండగానే నట్లు.
స్పానర్ మీద మడమేసి, ఒళ్ళంతా మోపితే
ఐదో నట్టు కీచుమని ఏడ్చింది.
వాన నానిన మట్టి; జాకీ కింద ఉల్లివాసన పీట.
స్టెప్నీని ముందే బండి పొట్ట కింద తోసిపెట్టాను,
జాకీ జారినా చక్రం మీద పడాలి గాని చేతి మీద కాదు.
నట్లు గరిటెలో వేసుకున్నాను.
పెళ్ళిలో దానికి ఇంత మర్యాద జరిగుండదు.

రాయపూర్ లారీ ఒకటి కొండలా వచ్చింది.
దాని వెలుగులో ముందు కుర్చీ కనపడింది.
చీకట్లో, ఆకులు కట్టుకుని, రోడ్డంచున
ఎవరికోసమో వేసిన కుర్చీ.
లారీ ఒక్క క్షణం ఆలోచించినట్టయి
అవతలి వైపుకి జరిగింది. ఒక్క హారన్. వెళ్ళిపోయింది.
ఆ గాలికి నా చున్నీ ట్రాలీకి చుట్టుకుంది.

చుక్కల ముగ్గు కలిపినట్టు
ఒకటి వదిలి ఒకటి బిగించాను.
కుర్చీ ఎక్కించాను, కొమ్మ గోర్జిలో పారేశాను,
నూట ఎనభై, సరిపోయాయి.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక
స్టీరింగు మీద చేతులు నీలగిరి వాసనేస్తుంటే
గుర్తొచ్చింది.
రాళ్ళు.
అద్దెకి తెచ్చినవి కాదు కదా, లెక్కపెట్టలేదు.

గవరయ్య కుడి కాలు ఈడుస్తూ నడుస్తాడు.
ఏదో రాత్రి, ఎవరో వదిలెళ్ళిన రాయి, ఇతని లూనా.
ఎవడు వాడు అని నేను తిట్టబోతే
"ఎవుడో పంచరైనోడమ్మా, పాపం.
బేగి ఇంటికెల్దారనుకునుంటాడు" అన్నాడు.

పెట్రోలు బంకు దగ్గర తిప్పుకుని వెనక్కొచ్చాను.
సూరిగాడు ఫోన్ లైటు వేశాడు.
ఒకటి నేను పెట్టినచోటే ఉంది.
ఒకటి తారు మీదకి దొర్లి ఉంది,
అప్పటికే ఏదో చక్రం రుచి చూసినట్టు చివర చిట్లి.
మూడోది లేదు.

గడ్డిలో చూశాం. గోర్జిలో చూశాం.
రోడ్డుకి అటువైపు, లారీలు ఆగినప్పుడల్లా పరిగెత్తి చూశాం.
కప్పలు తప్ప ఏమీ లేవు.
ఎవరైనా మంచివాడు తీసి పక్కన పడేశాడో,
ఏ బండి కిందో నలిగిందో,
ఇంకా అక్కడే ఉండి మాకు కనపడలేదో.
"ఎల్దామా అక్కా" అన్నాడు వాడు, నాలుగోసారి.

ఇప్పటికీ ఆ వంపు దాటాక
ఇరవైకి తగ్గిస్తాను, తారంతా కళ్ళతో ఊడుస్తూ.
వెనకవాళ్ళు హారన్లు కొడతారు.
కొట్టనీ.