తాలు

టిక్కీ విప్పి నేల మీద కుమ్మరిస్తే
కంటి కన్నా ముందు ముక్కుకే తెలిసేది నాకు,
ఇది తేజ, ఇది బాడిగ,
ఇది కల్లంలో వానకి తడిసి ముక్కిపోయిన సరుకు అని.
ఎర్రకాయ ఒక పక్కకి,
తెల్లబడ్డ తాలుకాయ ఇంకో పక్కకి.
ఇరవై రెండేళ్లు ఏరాను
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
కొంగు మూడు మడతలేసి మూతికి కట్టుకుని.
ఘాటునే ఆపలేని కొంగు
కంటికి ఆనని దాన్ని ఏం ఆపిద్ది?

ఆయాసం కొత్తదేం కాదు.
పెద్దది కడుపులో ఉన్నప్పటి నించీ ఉంది.
మేస్త్రి గోవర్ధన్ అటు తిరిగినప్పుడు
గొట్టం నోట్లో పెట్టుకుని ఒక పీల్పు పీల్చి,
పుక్కిలించి ఉమ్మి,
మళ్లీ చాట ముందేసుకునేదాన్ని.

పోయిన తుపాను రోజుల్లో
దగ్గితే చేతిగుడ్డలో పడింది
గోధుమరంగు ముక్క ఒకటి,
చింతపండు పిసికాక మిగిలే పీచులాగా.
మడిచి దాచాను.
ఎవరికి చూపించాలో తెలియక
రెండు రోజులు దిండు కిందే ఉంది.

పెద్దాసుపత్రిలో తెల్లకోటు పిల్ల,
నా చిన్నదాని ఈడుంటుందేమో,
ఫిల్ము కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని
"ఊపిరితిత్తుల్లో బూజు పట్టిందమ్మా" అంది.
నవ్వొచ్చింది నాకు.
నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గు ఆగిందాకా
నా వీపు మీద చెయ్యి తియ్యలేదు ఆ పిల్ల.

"ఏం పని చేస్తావు?"
చెప్పాను.
పెన్ను ఆపి కాసేపు కాగితంకేసే చూసింది.

బూజంటే సున్నాలప్పుడు
గెడకి చీపురు కట్టి దులిపేదే తెలుసు నాకు.
ఈ గోడకి ఏ గెడ అందిద్ది?

పొద్దునా రాత్రీ గొట్టంమందులు
కూల్‌డ్రింకుతో మింగాలంట, అప్పుడే వొంటికి పట్టిద్దంట.
సగం గ్లాసు నాకు.
మిగతా సీసా మనవరాలు సువార్త ఖాళీ చేసి
మూతి తుడుచుకుంటా అంటది,
"అమ్మమ్మా, ఈ జబ్బు నీకు ఎప్పటికీ తగ్గకూడదు."

వేరే మాత్రలకి మొహం ఉబ్బింది.
సందు మొగలో పాలబ్బాయి
"బాగా వొళ్లు చేశావు పెద్దమ్మా, సుఖపడుతున్నావు" అన్నాడు.
ఔనన్నాను.
కాదని చెప్పేంత గాలి లేక.

పడుకుంటే ఊపిరి అందదు,
గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర.
రెండింటప్పుడు యార్డు వైపు లారీలు పోతయ్యి,
కిటికీ మూసినా వాసన వచ్చిద్ది,
నా అన్నం వాసన, నా బిడ్డల ఫీజుల వాసన.
అప్పుడే కరెంటు పోయిద్ది.
ఆవిరి మిషను గుర్రుమని ఆగిపోయిద్ది.
పక్కింటి కరీమూన్‌ని కేకెయ్యక్కర్లేదు,
మిషను ఆగిన చప్పుడుకే తను లేచిద్ది.
పిట్టగోడ మీంచి ఇన్వర్టరు వైరు దిగిద్ది
చీకట్లో, మాటా పలుకూ లేకుండా.

"పూర్తిగా పోయిద్దా?" అనడిగాను మొన్న.
డాక్టరు పిల్ల అబద్ధం ఆడలేదు.
"పెరగకుండా చూసుకుందాం" అంది.

ఇవాళ పొద్దున
మంచం నించి కుళాయి దాకా పదకొండు అడుగులు
మధ్యలో ఆగకుండా నడిచాను.
గుమ్మం దాటి అటు వైపు, అంత దూరాన,
కరీమూన్ పచ్చడికి పండుమిరప పోసుకుని కూర్చుంది.
మూతికి మాస్కు, దాని మీద కొంగు,
నన్ను దగ్గరికి రానివ్వదు.
కర్రతో చూపించాను,
అదిగో, ఆ చివర, తొడిమ దగ్గర తెల్లబడిందే,
అది తాలు.
తీసి అవతల పారెయ్యబోయింది.

ఆగు.
యార్డులో తాలుకి కూడా పాట పెడతారు,
సగం రేటు కూడా రాదు,
అయినా కాటా ఎక్కిస్తారు.

పక్కన పెట్టు.