ఎడంపక్క బీడు

గోగుకట్టెలు పన్నెండు రోజులు నానాయి,
వీధి వీధంతా ముక్కు మూసుకుంది.
మా గొర్రెలకు ఉన్ని ఉండదు గనక
కిత్తనార దువ్వాను,
అమ్మ పాత చీరల అంచులు చించాను,
పామూరు దాటాక రోడ్డుకు ఎడంపక్క
ఎవరూ దున్నని ఆ గడ్డిబీడును
తొమ్మిదడుగుల చట్రానికి ఎక్కించాలని.

ఆకాశానికి ఏమీ నేయలేదు. ఒట్టి పడుగు.
గాలికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

ఒంగోలులో, ఒక స్కూలు హాల్లో వేలాడదీశాం.
"కర్టెనా?" అన్నారొకరు.
"ఉతికితే రంగు పోతుందా?" అని ఇంకొకావిడ.
ఒక కుర్రాడు దాని ముందు సెల్ఫీ దిగి
దానివైపు తిరక్కుండానే వెళ్ళిపోయాడు.

మూడోరోజు మాలకొండయ్య వచ్చాడు,
మందను బామ్మర్దికి అప్పజెప్పి, మొదటి బస్సుకే.
చెప్పులు గుమ్మం బయట విడిచాడు.
పంచె అంచున ఇంకా ముళ్ళగడ్డి గింజలు.
చాలాసేపు చూసి, కింద కుడిమూల
నార పలచబడ్డ చోట వేలు పెట్టాడు:
"ఈడ మేసింది మా జీవాలే గదమ్మా!"

అక్కడ నాకు నార చాల్లేదు, అంతే.
చెప్పబోయి ఆగి
లైటు ఆ మూలకి తిప్పాను.