నిలబెట్టిన బండి

అంబాజీపేట దాటాక, కాలవ గట్టు మీద,
రెండు చక్రాలు తారు మీద, రెండు గడ్డిలో
మా బ్యాండు మేళం వ్యాను ఆపేను.
గేరుబాక్సు పోయింది.
మూఢం. రెండు నెలల దాకా ముహూర్తాల్లేవు.
డ్రమ్ములకి బూజు పట్టకుండా
ఎండలో పెట్టుకోవడమే పని.

ఆ మూఢంలోనే పాలసీ కూడా తీరిపోయింది.
ఏజెంటు నాగభూషణం రెండుసార్లు ఫోన్ చేశాడు.
"నడవని బండికి ఇన్సూరెన్సేటండీ,
పడుకున్నోడికి చెప్పులెందుకు?" అన్నాను.
నవ్వేడు. నేనూ నవ్వేను.
మాట బాగా కుదిరిందని
సాయంత్రం టీ కొట్టు దగ్గర మళ్ళీ వాడుకున్నాను.

పది రోజులకి అక్కడ వ్యాను ఉందన్న సంగతే
ఊరు మర్చిపోయింది.
టాపు మీద కొబ్బరి డొక్కలు ఆరేసేరు.
బంపరుకి ఎవరో మేకని కట్టేరు.
వెనకద్దం దుమ్ములో ఒక పిల్ల తన పేరు రాసుకుంది,
'ర'కి తలకట్టు మర్చిపోయి.

దీపం లేదు, ఎర్ర బిళ్ళ లేదు.
ఓ కొమ్మ విరిచి వెనక గుచ్చినా పోయేది.
గుచ్చలేదు.

యేసుపాదం రొయ్యల చెరువులకి ఐసు వేస్తాడు.
తెల్లారుగట్ట మూడున్నర. మంచు.
ఎదురుగా ధాన్యం లారీ, కళ్ళలోకి లైట్లు.
నేను వెళ్ళేసరికి అతన్ని తీసుకుపోయారు.
ఐసు దిమ్మ మాత్రం వ్యాను కింద ఇంకా కరుగుతోంది.
ఎరుపు కలిసిన నీళ్ళు
గట్టు దిగి కాలవలోకి, తొందర లేకుండా.

"నా బండి కదల్లేదు కదండీ!"
ఎస్సై గారితో అన్నాను. రైటరుతో అన్నాను.
నిద్రలో కూడా అన్నానట, మా ఆవిడ చెప్పింది.

లాయరు ఉదయశ్రీ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.
"రోడ్డు మీద ఉంటే వాడుకలో ఉన్నట్టే.
చక్రం తిరగాలని చట్టం అడగదు, మూఢం అయితే అసలే చూడదు.
రెండు వేల జరిమానా, మూడు నెలల దాకా జైలు, కాదంటే రెండూ.
అది చిన్నది.
పెద్దది ఆ అబ్బాయికి కట్టాల్సింది.
పాలసీ ఉంటే కంపెనీ కట్టేది.
ఇప్పుడు కంపెనీ మీరే."

నేనే కంపెనీ.
పదకొండు మంది మనుషులు, రెండు ట్రంపెట్లు,
ఒక క్లారినెట్టు,
పగిలిన సైడు డ్రమ్ము ఒకటి.

అమలాపురం కోర్టు వరండాలో
వేరే చోటు లేక నా పక్కనే కూర్చున్నాడు యేసుపాదం,
చంకకర్ర ఒళ్ళో పెట్టుకుని.
"మా అక్క పెళ్ళికి మీదే మేళమండి" అన్నాడు.
ఏ ఊరని అడగలేకపోయాను.

లోపల, "ఈ వాహనం మీదేనా?"
"ఆయ్."
ఎన్ని పెళ్ళిళ్ళు ఒప్పుకున్నానో ఆ ఒక్క మాటతో.
అంత బరువు ఎప్పుడూ లేదు దానికి.

అతని వేగానికి పావలా వంతు తగ్గించి,
నా వంతు ఐదు లక్షల నలభై వేలు. పైన వడ్డీ.

వ్యాను విడిపించాలంటే పూచీ పెట్టాలి. పెట్టలేకపోయాను.
మూడు నెలలకి స్టేషను పెరట్లో వేలం.
పాత ఇనుము కొనే ఆయన
ముప్ఫై ఒక్క వేలకి పాడుకున్నాడు.
ఆ డబ్బు నా చెయ్యి తాకకుండానే కోర్టుకి పోయింది.
లాక్కెళ్తుంటే చూసేను,
అద్దం మీద ఆ పిల్ల పేరు ఇంకా ఉంది.

ఇప్పుడు ముహూర్తాలున్నాయి.
అద్దె ఆటోలో డ్రమ్ములు, వాటి మీద మేము.
ప్రతి పెళ్ళిలోనూ కొంత వాయిద్యం యేసుపాదానిది.

మొన్న ఈదరపల్లిలో ఊరేగింపు మధ్యలో,
గట్టు వారగా గుడ్డ కప్పిన కారొకటి కనపడింది,
దీపం లేకుండా.
పాట సగంలో ఆపేను.
క్లారినెట్టు చంకలో పెట్టుకుని
గన్నేరు కొమ్మ ఒకటి విరిచి
దాని వెనక గుచ్చి వచ్చేను.

మేస్త్రి తాగేడనుకున్నారు పెళ్ళివారు.