పిన్నీసు

రాత్రి రెండున్నరకు ఎక్స్‌రే బండి
ఒక చక్రం కిర్రుమనుకుంట వచ్చింది.
నల్లగొండ పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, ఏడో మంచం.
ధీరావత్ సోమ్లా, నలభై నాలుగేండ్లు,
దామరచర్ల అవతలి తండా.
వీపు కింద పలక దూర్చనీకి నలుగురం పట్టినం.
దమ్ము ట్రాక్టర్ తోలిన మనిషి
తడిసిన వడ్ల బస్తా లెక్క లేవడు.

ఫిల్మ్ తెల్లగ వచ్చింది.
ఊపిరితిత్తి నల్లగ కనబడాలె. మా లెక్కల గాలి రంగు నలుపు.
ఆయన ఛాతీల వేలెడంత నలుపు మిగిలింది,
కుడి పైభాగంల ఒక గుంత.

గుంత అంటే టీబీ.
ఈ దిక్కు ఎవ్వరి నోటికైనా ముందు అదే వస్తది.
మిర్యాలగూడల ఒక డాక్టర్ రాసిండు, నేనూ రాసిన.
తెమడ మూడుసార్లు పంపితే
మూడుసార్లు లేదనే వచ్చింది.
లేదన్న కాయితాన్ని నమ్మక
పదకొండు రోజులు అవే గోలీలు.
మూత్రం ఎర్రగైంది, జ్వరం నూట మూడు దిగలే.
గొట్టం వేసినంక పట్టిన న్యుమోనియానా,
చక్కెర ఉన్నోళ్ళకు పట్టే బూజా,
నా అనుమానాలన్నీ పుస్తకంల ఉన్నయే.

నాలుగింటికి మానిటర్ అరిచింది.
ఎనభై. డెబ్బై రెండు.
ఎడమ పక్క స్టెతస్కోపు పెడితే
తాళమేసిన ఇంటి తలుపుకు చెవి ఆనించినట్టుంది.
గాలి తిత్తిల లేదు, పగిలి బయట చిక్కింది.
ఎక్స్‌రే బండి కోసం ఆగలే.
సూది గుచ్చితే సైకిల్ ట్యూబు లెక్క బుస్సుమన్నది.
"తొంభై" అన్నది సిస్టర్ నాగరత్నమ్మ,
నా చేతుల వణుకు చూసి
చూడనట్టు ట్రే సర్దుకున్నది.

తెల్లారి బయట బల్ల మీద మంగ్తి పక్కన కూసున్న.
ఇన్ని రోజులల్ల మాల ఎవ్వరం అడగని మాట అడిగిన.
"పడకముందు ఏం పని చేసిండు?"
"ఏం పని? వానలల్ల దమ్ము. ఇరవై ఎకరాలు.
ట్రాక్టర్ దిగబడితే మోకాటిలోతు దిగి నూకిండు.
చక్కెర గోలీలు అయిపోయినయి,
నాట్లైనంక తెచ్చుకుంట అన్నడు."

లోపలికొచ్చి దుప్పటి ఎత్తిన.
మడిమ పగుళ్ళల్ల ఇంకా రేగడి ఉంది.

ల్యాబుల యాకూబ్ అలీ పక్కకు పెట్టిన పళ్ళెం ఒకటి,
"మామూలు గలీజు మేడం, అన్నిట్ల వస్తది" అన్న పళ్ళెం.
పారేయకు అన్న.
మూత తీసి వాసన మాత్రం చూడకు అన్న.
నాలుగో రోజుకు దాని మీది చుక్కలు ముడతలు పడ్డయి,
ముసలి పెదవుల లెక్క.
మైక్రోస్కోపుల కన్ను పెట్టి యాకూబ్ చాలాసేపు లేవలే.
"పిన్నీసులు మేడం" అన్నడు.
రెండు కొసలు రంగెక్కి, నడుమ ఖాళీ.
ఆ సాయంత్రం కడుపు స్కాన్ల
కాలేయం తేనెపట్టు లెక్క తొర్రలు పడి కనిపించింది.

మందు మార్చినం.

"ఏం రోగం డాక్టరమ్మా?"
దాని పేరు నా నోట్లనే సరిగ తిరగదు.
మట్టిల ఉంటది, వానకు పైకొస్తది,
పగుళ్ళ నుంచి పోతది, ఒక్కోసారి ఊపిరి నుంచి, అన్న.
గాజులకు తగిలించిన పిన్నీసులు
ఒక్కొక్కటే జరుపుకుంట విన్నది.
"బురదనా?" అన్నది.
కొంచెంసేపైనంక,
"పుట్టినప్పటిసంది బురదలనే ఉంటిమి గద" అన్నది,
నన్ను కాదు, బురదనే నిలదీసినట్టు.

ఆరో రోజు జ్వరం నూట ఒకటి.
ఇంకా గొట్టం మీదనే ఉన్నడు.
బతుకుతడని రాసే ధైర్యం నా పెన్నుకు లేదు,
నిలకడ అని రాసిన.

తొమ్మిదో మంచం మీదికి నిడమనూరు నుంచి కొత్త మనిషొచ్చిండు.
చీటీ మీద టీబీ అని ముందే రాసి ఉంది.
ఎక్స్‌రే వెలుగుకు పెట్టకముందే
కాళ్ళ దిక్కు నుంచి
దుప్పటి ఎత్తిన.