1987 బ్యాచ్: ఒక సవరణ

లారమీలో ఉత్తరాలను ముందు గాలి చదువుతుంది,
తర్వాతే మనకిస్తుంది.
మంచుకు అంచులు ఉబ్బిన కవర్లు
మంగళవారం మంగళవారం నా బల్ల మీదికి చేరతాయి.
పూర్వ విద్యార్థుల పత్రికలో
వెనక పేజీలు నావి.
మనిషికి నలభై మాటలు.
మించితే కత్తెర నాది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.
కత్తిరించగా కత్తిరించగా తెలిసింది,
"కొత్త అవకాశాలు చూస్తున్నాను" అంటే ఉద్యోగం ఊడిందని,
"డెన్వర్‌లో ఉంటున్నాను" అని రాసినవాణ్ణి
పోయినేడాది "మేము" ఏమైందని అడగకూడదని.
మనవల బరువు ఔన్సులతో సహా రాస్తారు.
సొంత బరువు ఊసు ఎవరూ ఎత్తరు.

మేడికొండ వనజాక్షి, భూగర్భశాస్త్రం,
మూడో ప్రమోషన్, రెండో పెళ్ళి
ఒకే వాక్యంలో ఇరికించింది,
ఏది ముందో తేలకుండా.
డేల్ రస్మసెన్ ఏటా పంపేది ఒకటే:
"మార్పేమీ లేదు. కుక్క మారింది."
అక్కడ మాత్రం కత్తెర ఆడదు.

పోయిన చలికాలం సంచికలో
లోవెల్ ఎంక్విస్ట్‌ను చంపేశాను.

ఎల్. ఎంక్విస్ట్ పోయారని వచ్చింది కబురు.
ఎల్. ఎంక్విస్టులు ఇద్దరని నాకు తెలియదు.
ఒకరు వంతెనలు, ఒకరు మట్టి.
మట్టిలో కలిసింది మట్టిశాస్త్రం ఆయన.
నేను కప్పెట్టింది వంతెనల ఆయన్ని.

బాగానే రాశాను, ఆ మాట చెప్పుకోవాలి.
రాలిన్స్ దగ్గర ఆయన కట్టిన వంతెన కింద
రెండు వరదలు పోయాయి, వంతెన పోలేదని.
హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా
బంగాళాదుంపల సూపు ఆయనే కాచేవాడని.
ఆ చివరిది ఫైల్లో లేదు.
తాగినదాన్ని గనక రాశాను.

మార్చిలో ఫోను.
"నేను పోయానట గదా," అంది ఒక బొంగురు గొంతు.
నా క్షమాపణలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే
"ఆగండి," అన్నాడు.
"ముప్పై ఏళ్ళుగా మాటల్లేని మా తమ్ముడు
షెరిడన్ నుంచి నల్ల సూటులో వచ్చాడు.
తలుపు తీసింది నేనే.
ఎవరు ముందు తిట్టాలో తెలియక
ఇద్దరం మంచులో అట్లా నిలబడ్డాం.
వాడింకా పోలేదు.
గ్యారేజీ తలుపు బాగుచేస్తున్నాడు,
ఉన్నదాన్ని పాడుచేస్తున్నాడు."

అప్పుడు చెప్పాను మా వైపు సంగతి.
తెనాలిలో మా పెదనాన్నను కాకి తన్నింది.
దోషం పోవాలంటే అయినవాళ్ళు ఏడవాలి,
అందుకని పోయాడని అందరికీ టెలిగ్రాములు కొట్టించారు.
ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. గండం గడిచింది.
ఎవరెవరు ఏడవలేదో ఆరా తీస్తూ
ఆయన మరో ఇరవై ఆరేళ్ళు బతికాడు.

అవతల కాసేపు గాలి చప్పుడే.
"మరి నా కాకి ఎవరు?"

"నేనే," అన్నాను.

నవ్వు ఆగాక సవరణ మాటకొచ్చాం.
బతికే ఉన్నారని వేస్తానన్నాను.
"వేసుకోండి.
వంతెన, సూపు మాత్రం వెనక్కి తీసుకోకండి," అన్నాడు.
సరేనన్నాను.

ఫోను పెట్టేద్దామనుకుంటే గుర్తొచ్చింది,
నిజంగా పోయిన మనిషికి
నేనొక్క మాటా రాయలేదు.
లార్స్ ఎంక్విస్ట్, టారింగ్టన్. ఫైలు తీశాను.
ఒకే కాగితం, చిరునామా మారిందని,
అదీ పదకొండేళ్ళ నాటిది.
ఉద్యోగం గడి ఖాళీ. కుటుంబం గడిలో చిన్న గీత.

"నాకు తెలుసు ఆయన," అన్నాడు లోవెల్.
"ఎప్పుడూ చూడలేదనుకోండి.
నా ఉత్తరాలు ఆయనకూ ఆయనవి నాకూ పోయేవి,
మీ ఆఫీసు పుణ్యమా అని.
రాసుకోండి."

పెన్ను మూత తీశాను.

"నావి ఒక్కటీ విప్పేవాడు కాదు," అన్నాడు.
"కొత్త కవర్లో పెట్టి, స్టాంపు తనే అంటించి పంపేవాడు.
వెనకాల, పెన్సిల్‌తో,
అక్కడ వాన పడిందో లేదో రాసేవాడు."